బొటనవేలు కొలిచిన తుపాకీ

"కాదు మనవరాలా, ఆ మాట కొట్టెయ్. తుపాకీ పేలిందని ఎవురు జెప్పినారు నీకు? గిన్నెలో మందు బుస్సుమనింది, అంతే. గుండు గొట్టంలోనే కూచోనుండాది. పేల్లేదు అని రాయి. రాసినావా? ఆఁ, ఇంగ నేను జెప్పింది జెప్పినట్టు రాసుకో. మధ్యలో నవ్వద్దు, నాకు కోపం వస్తాది."

మూడోసారి కూడా అంతే అయింది.

దళవాయి వజ్రబాహు మీట నొక్కాడు. కొక్కెం పట్టిన చెకుముకి రాయి ఉక్కు మూత మీద పడి రవ్వలు రాల్చింది. రవ్వలు గొట్టం పక్కనున్న చిన్న గిన్నెలో పడ్డాయి. ఆ గిన్నెలో పోసిన మెత్తటి మందుని రంజకం అంటారు. రంజకం బుస్సుమని మండి, జానెడు మంట లేచి, తెల్లటి పొగ దళవాయి మీసాల చుట్టూ తిరిగి పైకి పోయింది. గొట్టంలోని అసలు మందు మాత్రం అంటుకోలేదు.

"రంజకం చాల్లేదు. ఈసారి గిన్నె మీద గోపురం కట్టినట్టు పోస్తాను!" అన్నాడు వజ్రబాహు.

ఆయన వెనక కొండరాతికి ఆనుకుని నిలబడ్డ బయ్యమ్మ పిడికిళ్ళు బిగించింది. ముప్పై ఏళ్ళ కమ్మరి మనిషి. కొలిమి కాక తగిలి తగిలి ముఖం రాగి చెంబులా ఉంటుంది. వత్తి తుపాకులు బాగుచేసి బతికే ఇంట పుట్టింది. నిన్న సాయంత్రం నుంచి ఆ తుపాకీ ఒక్కసారి చేతికివ్వమని అడుగుతూనే ఉంది. అడిగిన ప్రతిసారీ దళవాయి ఒకటే మాట చెప్పాడు: రాజాయుధాన్ని బయటివాళ్ళు ముట్టకూడదు.

"దొరా! మూడుసార్లు బుస్సుమనిపించినావు. నాలుగోసారి బుస్సుమంటే ఆడ నా తమ్ముడు ఉప్పుముద్ద అయితాడు. ఇంగన్నా ఇయ్యి."

"అక్కా, కోప్పడద్దే" అన్నాడు తమ్ముడు తిప్పన్న. "కోప్పడేలోపు నా ముక్కు గీకు. దురద పెడ్తాండాది. నిన్నట్నించి చేతుల్లేవు నాకు."

బయ్యమ్మ పళ్ళు కొరుక్కుంటూనే పోయి వాడి ముక్కు గీకింది. వాడు కాళ్ళ దగ్గర్నుంచి రొమ్ముదాకా తెల్లటి ఉప్పుశిల. చంకలు, చేతులు, వేళ్ళ గోళ్ళతో సహా ఉప్పే. మెడ, తల మాత్రమే మనిషి.

వాడిని అలా చేసింది ఎదురుగానే వేలాడుతోంది.

మేఘగిరి రాజ్యానికి పడమటి పొలిమేర ఆ కొండలు. వాటి అంచున రాబందుల అరుగు అనే నల్లరాతి పలక, పలక ముందు అడుగు కనిపించని లోయ. లోయ నిండా పాలపొంగులా మసక. ఆ మసకని చీల్చుకుని నూరు బారల దూరాన ఒంటికొమ్ములా నిలిచిన ఏకశృంగ శిఖరం. శిఖరం కొసన ఏనుగు తలంత గాజుగంట. ఎండ తగిలినచోట నెమలికంఠంలా నీలంగా, తగలనిచోట శవం కళ్ళలా తెల్లగా మెరుస్తుంది. దాన్ని కాపాడే మాంత్రికుడు మసకనాథుడు. ఎవడి పేరు తెలిస్తే వాడి పేరు ఆ గాజు మీద చెక్కుతాడు. రోజూ పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడు గంట దానంతట అదే ఒక్కసారి మోగుతుంది. ఒక మోతకి మోకాళ్ళదాకా, రెండో మోతకి రొమ్ముదాకా, మూడో మోతకి నడినెత్తిదాకా ఉప్పు. పడమటి పల్లెలు ఏడు అలాగే ఉప్పుబొమ్మల తోటలైపోయాయి.

తిప్పన్న వడిసెల పట్టుకుని ఆ గంట పగలగొడతానని ఒంటరిగా వచ్చాడు. వచ్చినవాడు రాయి విసిరి ఊరుకోక, "నేను కమ్మరి తిప్పన్నని రా, కాచుకో!" అని ఊరంత గొంతుతో అరిచాడు. రాయి మసకలో సగం దూరం పోయి ఉప్పుగల్లై రాలింది. పేరు మాత్రం గంటదాకా పోయింది. రెండు మోతలు అయిపోయాయి. మూడోది ఈవేళే.

విల్లు పనికిరాదు, మసక తగిలితే నారి నానిపోతుంది. రాతిలోంచి పుట్టిన నిప్పు తరిమిన గుండు ఒక్కటే ఆ మసకని దాటుతుందని తెలిసి, మహారాజు రణకేసరి సముద్రం అవతలినుంచి కొత్త తుపాకీ తెప్పించాడు. అది తుపాకీగా రాలేదు. దేవదారు పెట్టెలో ముక్కలుగా వచ్చింది: లోపల మెలికల గాళ్ళు తీసిన ఎనిమిది పలకల గొట్టం, చెకుముకి యంత్రం, భుజానికి ఆనించే సగం చెక్కిన చెక్క కుందా, సంచి నిండా మరలు. దాన్ని కూర్చింది వజ్రబాహు. బంగారు రేకులు తాపి, కుందా మీద సింహాలు చెక్కించి, అద్దంలా మెరుగుపెట్టించాడు. పగటివేషగాళ్ళమని చెప్పి, ఆ తుపాకీని వేషగాళ్ళు ఎక్కి నడిచే మరగాళ్ళ కర్రల మూటలో దాచి, మసకనాథుడి కావలివాళ్ళని దాటుకుని దళవాయీ బయ్యమ్మా రాబందుల అరుగు చేరారు. అందుకే దళవాయి ఒంటిమీద ఇప్పటికీ పులివేషం ఉంది. పసుపు, నల్లచారలు, వెనక గడ్డితోక. ఆ తోక ఊపుకుంటూనే ఆయన రాజాజ్ఞలు చెబుతున్నాడు.

"కమ్మరిదానా, దూరంగా ఉండు. ఈ తుపాకీ శాస్త్రప్రకారం కూర్చినది."

"ఏం శాస్త్రమప్పా అది? పేలని శాస్త్రమా?"

"అక్కా, తోక పట్టుకుని గుంజు!" అన్నాడు తిప్పన్న.

బయ్యమ్మ తోక గుంజలేదు. తుపాకీనే గుంజుకుంది. వజ్రబాహు కత్తి దూసేలోపు ఆమె గొట్టాన్ని తొడమీద అడ్డంగా పెట్టి కూర్చుంది. పొద్దు చూసింది. నడినెత్తికి ఇంకా నాలుగు గడియలు.

"నరికితే నరుకు. నరికినాక దీన్ని నువ్వే పేల్చుకో."

దళవాయి కత్తి గాల్లోనే ఆగింది.

గొట్టానికి పక్కన ఒక సన్నటి చిల్లు ఉంటుంది. గిన్నెలో మండిన రంజకం నిప్పు ఆ చిల్లులోంచి దూకి లోపలి మందుని అంటించాలి. ఆమె తన ముడిలోంచి సూది తీసి ఆ చిల్లులో దూర్చింది. సూది పిసరంత లోపలికి పోయి టక్కుమని ఆగింది. మళ్ళీ దూర్చింది. మళ్ళీ టక్కు. బయ్యమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఈ చిల్లు ఎవురు తొలిచినారు?"

"ఆస్థాన కంసాలి. మంచి ముహూర్తంలో, నా ఎదుటే."

"యాడ తొలవాలో ఎవురు జెప్పినారు?"

వజ్రబాహు గర్వంగా మెడలోని బంగారు గొలుసు పైకి లాగాడు. గొలుసుకి ఏనుగుదంతపు పుల్ల వేలాడుతోంది. "రాజాంగుష్ఠం! మహారాజు రణకేసరివారి బొటనవేలు కొలత. మేఘగిరి ఆయుధశాలలో ప్రతి పనీ దీనితోనే. తుపాకీకి చిల్లు గొట్టం తోకనుంచి ఒక రాజాంగుష్ఠం దూరంలో, యంత్రం బిగించకముందే, శుభలగ్నంలో తొలవాలి. తాతలనాటి ఆచారం."

బయ్యమ్మ ఆ పుల్లని చూసింది. పనసతొనంత పొడుగుంది.

"ముందు చిల్లు తొలిచి, తర్వాత గిన్నె బిగించినావా?"

"అదే ఆచారం."

"ఆచారం కాదు, నా తలకాయ!" ఆమె గొంతుకి లోయలో రాబందులు లేచి ఎగిరాయి. "గుడ్డలు కుట్టినాక మనిషిని కొలుస్తాడా ఎవుడన్నా? గిన్నె యాడ కూచుంటే చిల్లు ఆడ పడాల! నీ రాజు వేలు పొడుగైతే చిల్లు ముందుకి జరుగుతాది, పొట్టిదైతే వెనక్కి జరుగుతాది. తుపాకీకి మీ రాజు వేలితో ఏం పని? ఈ చిల్లు గిన్నె అడుగుకన్నా కింద ఉండాది. పైగా లోపల తోకమరకి ఎదురుగా తెరుచుకుంది. నిప్పు పోయి ఇనుముని కొడ్తాండాది, మందుని కాదు!"

తోకమర అంటే గొట్టం వెనకభాగాన్ని మూసే లావుపాటి ఇనుపమర. సగం చిల్లు దాని ముఖానికే తగిలి మూసుకుపోయింది.

ఆమె గోరుతో గిన్నె పక్కనున్న బంగారు రేకుని గీకింది. రేకు కింద ఎర్రటి లక్క. లక్కని కత్తిమొనతో లేపితే గిన్నెకీ గొట్టానికీ మధ్య గోరుమందం సందు.

"ఈ సందులో లక్క ఎందుకు పోసినారు?"

వజ్రబాహు మొదటిసారి చూపు తిప్పుకున్నాడు. "రంజకం కిందికి రాలిపోతోందని..."

"రాలుతాంటే ఎందుకు రాలుతాందో చూడాల. లక్క పోసి బంగారం తాపితే మీ రాజుకి కనపడదు గానీ, మందుకి తెలుస్తాది. కుందాలో యంత్రం కూచునే గుంట సరిగ్గా తీయలేదు నువ్వు. అందుకే గిన్నె ఎడంగా నిలబడింది. ఈ పొద్దు నా తమ్ముడి తలకాయ ఈ గోరంత సందులో ఉండాది, తెల్సునా నీకు?"

"ఎవరది? ఆడగొంతు!"

ఆ మాట లోయ అవతలినుంచి వచ్చింది. మసకలో ఒక నీడ కదిలింది. తాటిచెట్టంత పొడవు, నడుము లేనంత సన్నం. మసకనాథుడు గంట పక్కన నిలబడి ఉలి ఊపుతున్నాడు. "ఇంత కమ్మగా తిట్టే తల్లి ఎవరమ్మా? పేరు చెప్పు. నా గాజు మీద చోటుంది."

"చెప్పద్దక్కా! నేను చెప్పి చెడిపోయినా" అని తిప్పన్న గుసగుసలాడాడు.

"నా పేరు నీ పాడె మీద చెక్కుకో!" అని అరిచి బయ్యమ్మ పనిలో దిగింది.

ముందు చిల్లులోంచీ గొట్టం నోట్లోంచీ నీళ్ళు పోసి లోపలి మందుని చంపింది. గొట్టాన్ని కుందానుంచి విడదీసి రాతిచీలికలో ఇరికించి, తన పనిముట్ల సంచిలోంచి పట్టకారు తీసి, తోకమరని పట్టి బలమంతా వేసి తిప్పింది. మర కీచుమని కదిలింది. దాన్ని ఊడదీసి, కడ్డీతో తోసి గుండుని వెనకనుంచి రాల్చింది. తమ్ముడి తలపాగా గుడ్డతో గొట్టాన్ని నెయ్యిగిన్నెలా తుడిచింది.

"చెప్పు విప్పు" అంది దళవాయితో.

"ఏమిటీ?"

"నీ చెప్పు! దాని కింద మెత్త ఇనుప మేకులుండాయి. ఒకటి గావాల. విప్పుతావా, కాలితోపాటు లాక్కోమంటావా?"

మేఘగిరి దళవాయి, పద్దెనిమిది యుద్ధాల వీరుడు, పులివేషంలో ఒంటికాలి మీద నిలబడి చెప్పు విప్పి ఇచ్చాడు. తిప్పన్న పగలబడి నవ్వాడు. నవ్వితే మెడ దగ్గర ఉప్పు చిటచిటమంది, అందుకని సగంలో ఆపేశాడు.

బయ్యమ్మ ఎండుపుల్లలు పోగేసి, చెకుముకితోనే నిప్పు రాజేసి, సంచిలోని తోలుతిత్తితో ఊదింది. మేకు ఎర్రగా కాలింది. దాన్ని పాత చిల్లులో దిగగొట్టి, లోపలా బయటా తల నలిపి, ఆకురాయితో రుద్దింది. పాత చిల్లు మూసుకుపోయింది. వేలితో తడిమితే అతుకు ఎక్కడుందో తెలియదు.

పొద్దు ఒక గడియ జరిగింది.

తర్వాత ఆమె చేసిన పని దళవాయికి పిచ్చిపనిలా కనిపించింది. గొట్టాన్ని తిరిగి కుందాలో అమర్చి, పొయ్యిరాయికి అంటిన మసిని ఆముదపు చుక్కలో కలిపి, చెకుముకి యంత్రం వీపంతా కాటుకలా పూసింది. దాన్ని కుందాలోని గుంటలో పెట్టి వత్తి మళ్ళీ పైకి తీసింది. గుంటలో ఒకటి రెండు చోట్ల మాత్రం నల్లమచ్చలు అంటాయి.

"మచ్చ పడినచోట చెక్క ఎత్తుగా ఉండాది. అదే యంత్రాన్ని లోపలికి పోనీకుండా ఆపుతాండాది." చిన్న ఉలితో ఆ మచ్చల మేరకే, ఉల్లిపొరంత చెక్క లేపింది. మళ్ళీ మసి పూసింది, మళ్ళీ వత్తింది, మళ్ళీ తీసింది. ఈసారి మచ్చలు వేరేచోట. మళ్ళీ ఉలి.

"ఒక్కసారే లోతుగా చెక్కెయ్యరాదా? పొద్దు పోతోంది!"

"లోతుగా చెక్కితే గిన్నె లోపలికి కుంగిపోతాది, మళ్ళీ లక్క పోస్తావా? నోరు మూసుకో. ఆ పుల్ల ఇట్లియ్యి."

"ఏ పుల్ల?"

ఆమె లేచి ఆయన మెడలోని గొలుసు ఒక్క లాగుకి తెంపింది. రాజాంగుష్ఠాన్ని యంత్రం మీద ఆనించి, పైనుంచి సుత్తితో టకటకా కొట్టింది. "ఇనుముతో కొడితే యంత్రానికి సొట్ట పడ్తాది. దంతమైతే మెత్తగా దిగుతాది. ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చింది."

"అయ్యో! మహారాజుగారి వేలు!"

ఫెళ్ళుమని దంతపు పుల్ల రెండుగా విరిగింది. యంత్రం అప్పటికే గుంటలో దిగిపోయింది. గిన్నె అంచు గొట్టం పలకకి అతుక్కుంది. బయ్యమ్మ తన తలవెంట్రుక ఒకటి పీకి మధ్యలో దూర్చబోయింది. దూరలేదు.

సరిగ్గా అప్పుడే ఆకాశం గరగరమంది.

మసకలోంచి ఉప్పుకాకులు లేచాయి. వందో, రెండువందలో! ఎముకల రంగు రెక్కలు, గల్లుప్పు ముక్కులు. తాకినచోట చర్మం మండేలా ఉప్పురవ్వలు రాలుస్తూ అరుగు మీదికి విరుచుకుపడ్డాయి. వజ్రబాహు ఇంతసేపూ పడ్డ అవమానమంతా కత్తిలోకి ఎక్కించాడు. పులిలా ఎగిరాడు, చక్రంలా తిరిగాడు. ఒక్కో వేటుకి నాలుగేసి కాకులు ఉప్పుపిడికిళ్ళై రాలాయి. గడ్డితోక తెగి లోయలో పడింది. కుడి మణికట్టు మీద ఒక కాకి పొడిచి కండ లేపింది. ఆయన కత్తిని ఎడమచేతికి మార్చుకున్నాడు.

బయ్యమ్మ తల ఎత్తలేదు. గిన్నెలో ఆముదం అంచుదాకా పోసింది. ఆ నూనె మట్టం గొట్టాన్ని ఎక్కడ తాకిందో అక్కడ, గిన్నె నడిమధ్యకి ఎదురుగా, మొనతో చుక్క పెట్టింది. "ఇదీ చిల్లు చోటు. అడుగున కాదు, అంచు మట్టానికి. నిప్పు పైనించి దూకాల, కిందినించి పాకగూడదు." నూనె తుడిచి, ఆ చుక్క మీద చిల్లులు తొలిచే బరమా మొన ఆనించి, దాని విల్లుతాడు ముందుకీ వెనక్కీ లాగింది. ఇనుపరజను మిలమిలా రాలింది. ఆవగింజ దూరి, జొన్నగింజ దూరనంత సన్నటి చిల్లు. మొన లోపలికి దిగింది. ఈసారి టక్కుమనలేదు.

తోకమర తిరిగి బిగించింది. చిల్లులో సూది పెట్టి చూసింది. గొట్టం అవతలి గోడదాకా పోయింది. ఇంతసేపటికి బయ్యమ్మ ముఖంలో కోపం కాస్త సడలింది.

"బయ్యమ్మా! నీ కుడిపక్క!" అని దళవాయి కేకపెట్టాడు.

ఆమె పక్కకి ఒరిగింది. ఆమె కన్ను ఉన్నచోటునుంచి గద్దంత ఉప్పుకాకి దూసుకుపోయి రాతికి కొట్టుకుని పగిలింది. ప్రాణం దక్కింది. కానీ పేరు లోయ దాటిపోయింది. తిప్పన్న కళ్ళు మూసుకున్నాడు.

"బయ్యమ్మ" అన్నాడు మసకనాథుడు, బెల్లంముక్క చప్పరించినట్టు. "బయ్యమ్మ! చిన్నపేరు. తొందరగా అయిపోతుంది." మిగిలిన కాకులు మసకలోకి వెనక్కి మళ్ళాయి. గాజు మీద ఉలి చప్పుడు మొదలైంది. కిర్రు, కిర్రు.

వజ్రబాహు ముఖం పసుపు కింద తెల్లబోయింది. "నేను... నిన్ను కాపాడబోయి..."

"తెల్సు. తర్వాత తిడ్తాలే, వరసలో ఉండు!"

ఆమె గొట్టం నోట్లో మందు పోసింది. గుడ్డముక్కలో చుట్టిన గుండుని కడ్డీతో అడుగుదాకా దిగగొట్టింది. చెకుముకి రాయి మొనని గోటితో చూసింది. దళవాయి ఎడమచేత్తో మందుకొమ్ము పట్టుకుని, అలవాటుగా గిన్నె మీద గోపురం కట్టబోయాడు. ఆమె ఆయన చేతిమీద ఒక్కటేసింది.

"చిల్లుని మందుతో కప్పెడితే అది వత్తిలాగ మెల్లిగా కాలతాది. గిన్నెలో మూడోవంతు చాలు, అది కూడా చిల్లుకి దూరంగా. మంట గెంతాల!"

పొద్దు నడినెత్తికి వెంట్రుకవాసి దూరంలో ఉంది. గాజుగంట దానంతట అది ఊగడం మొదలుపెట్టింది. తుపాకీ బరువుకి గొట్టం కొస కిందికి ఒరుగుతోంది. ఎత్తుకి ఆనించడానికి అరుగు మీద ఒక్కటే ఉంది. ఆమె తమ్ముడి వెనక నిలబడి, గొట్టాన్ని వాడి ఉప్పు భుజం మీద పెట్టింది.

"అక్కా, చెవి పక్కన పెట్టినావే!"

"కదలద్దు."

"కదిలేకి నాకేముండాది? అక్కా... తగలకపోతే అమ్మకి జెప్పు, నేను భయపడలేదని."

"నువ్వే జెప్పుకో" అంది బయ్యమ్మ. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం ఆమె గొంతులో కోపం లేదు. మీట నొక్కింది.

బుస్సుమనలేదు. బుస్సుకీ దెబ్బకీ మధ్య సందే లేదు. రాయి, రవ్వ, రంజకం, మందు అన్నీ కలిసి ఒకే మోత మోగాయి. పిడుగు పడ్డట్టు కొండలు పలికాయి. గుండు మెలికలు తిరుగుతూ మసకలో సొరంగం తొలుచుకుంటూ పోయింది. ఆ సొరంగంలోంచి నీలి ఆకాశం కనిపించింది. గంట పెదవి కదిలి తొలి నాదం పుట్టబోయే క్షణానికి గుండు దాని నడుముకి తగిలింది.

ఏకశృంగం మీద వెయ్యి చేతిగాజులు ఒక్కసారే పగిలినట్టయింది. ముక్కలు ఇంద్రధనుస్సుల్లా లోయలోకి రాలాయి. తిప్పన్న రొమ్ము మీద పగులు పుట్టింది, నడుందాకా పాకింది. ఉప్పు పెళ్ళలుగా ఊడి కాళ్ళ దగ్గర కుప్పపడింది. వాడు చేతులు చాచి, ఇంకేమీ చెయ్యకుండా, ముందు తన ముక్కు తను తనివితీరా గీక్కున్నాడు.

"అక్కా! వేళ్ళు! నా వేళ్ళు!"

బయ్యమ్మ వాడిని కౌగిలించుకోబోయింది. లోయ అవతల ఏదో టింగుమంది. అడుగు పడలేదు.

కిందికి చూసింది. కాలివేళ్ళు తెల్లగా ఉన్నాయి.

మసక పలచబడింది. శిఖరం మెట్లు కనిపించాయి. మెట్ల మీద మసకనాథుడు కూర్చుని, ఒడిలో చేటంత గాజుపెంకు పెట్టుకుని చెక్కుతున్నాడు. గంట పోయినా పేరు చెక్కిన పెంకు మిగిలింది. వాడు పెంకుని ఎముకతో మెల్లిగా కొట్టాడు. టింగుమంది. ఉప్పు బయ్యమ్మ చీలమండలదాకా పాకింది.

"మధ్యాహ్నందాకా ఆగే పని కూడా తప్పించావు తల్లీ. ఇప్పుడు నా ఇష్టం వచ్చినప్పుడు మోగిస్తాను."

టింగ్. పిక్కలదాకా.

"తిప్పా, గొట్టం తుడువు! దొరా, కొమ్ము తియ్యి!" ఆమె కళ్ళు కొలిమిలా ఉన్నాయి. "ఆ పెంకు గంటలో పదో వంతు కూడా లేదు. ఇంగొక్క గుండు!"

తిప్పన్న కొత్తగా వచ్చిన చేతులతో గొట్టం తుడిచాడు. మందు పడింది, గుండు దిగింది. వజ్రబాహు గిన్నె మూత తెరిచాడు. మందుకొమ్ము గిన్నె మీదికి తెచ్చాడు. చెయ్యి ఆగింది. తాతల కాలంనుంచి మేఘగిరి దళవాయిలు ఎవరూ అనని మాట ఆయన నోట వచ్చింది.

"అమ్మా, ఎంత పొయ్యాలి?"

టింగ్. మోకాళ్ళదాకా.

"ఇప్పుడడిగినావు!" అని అరిచింది బయ్యమ్మ, తుపాకీ భుజానికి ఎత్తుకుంటూ. "మూడోవంతు!"

"ఆపు మనవరాలా, ఈడికి చాలు, నాకు ఆయాసంగా ఉండాది. బయ్యమ్మ మోకాళ్ళు ఏమైనాయో మళ్ళీ జెప్తాలే. ఒక పని జెయ్యి. మీ నాయన టౌన్లో వాకిళ్ళు బిగిస్తాండాడు గదా. తలుపు రెక్క నిలబెట్టకముందే మడతబందులకి చిల్లులు ఏసేస్తాడు వాడు, నేనెంత మొత్తుకున్నా ఇనడు. తలుపు పట్టకపోతే లప్పం పూస్తాడు. రేపు పొద్దున ఫోన్ చేసి ఇదంతా వానికి చదివి వినిపించు. ఆ లక్క పోసిన కాడ రెండుసార్లు చదువు."